తుప్పు నుంచి తుక్కు దాకా

కన్నడంలో తుక్కు అంటే తుప్పు. తెలుగులో తుక్కు అంటే కిలోల లెక్కన అమ్మే పాత ఇనుము. కన్నడ బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మాకు చిన్నప్పుడు ఈ రెండు మాటలూ కలగలిసిపోయేవి. పోయినేడు మహానవమికి, శ్రీనివాసపురం దగ్గరి మా ఊరింట్లో అటక మీది ఇనుపపెట్టె దించినప్పుడు, ఒక అర్థం నుంచి ఇంకో అర్థానికి పోవడానికి 14 ఏళ్ళు చాలని తెలిసింది.

అవ్వ పోయినాక ఆ పెట్టెకు తాళం వేసినాము. లోపల మొత్తం ఎనిమిది: కత్తిపీట ఒకటి, మామిడికాయలు కొట్టే కత్తి ఒకటి, కొడవళ్ళు మూడు, మచ్చు ఒకటి, అడకత్తెర ఒకటి, తోలు ఒరలో తాత పొడుగు కత్తి ఒకటి. ఇప్పుడు పనికొచ్చేవి మూడే. కత్తిపీట అంచు వేలితో తాకితే పొరలు పొరలుగా రాలింది. తాత కత్తి ఒరలో నుంచి రానే రాలేదు, తోలు కోసి తీయాల్సి వచ్చింది.

ఈ పాపం ఎవరి మీదా వేసేది లేదు. మేమే చేసినాము. అదీ ఎంతో మర్యాదగా, భక్తిగా చేసినాము. ఈ మాట మా ఇంట్లో కొందరికి రుచించలేదు. అయినా రాస్తున్నాము, ఎందుకంటే మిగిలినవాటిని ఏం చేయాలో ఈ దసరాకు తేల్చుకోవాలి. ఇప్పటిదాకా వచ్చిన సలహాలన్నీ ఆ పెట్టెకు మళ్ళీ తాళం వేసే సలహాలే.

ముందు ఒక సాక్ష్యం. ఆ కత్తిపీటకు ఒక జత ఉంది. ఒకే కమ్మరి, ఒకే కొలిమిలో, ఒకే ఏడు రెండూ చేసి ఇచ్చినాడు. ఒకటి అవ్వది, పెట్టెలోకి పోయింది. రెండోది చిన్నాయన వేరుపడినప్పుడు చిన్నమ్మ వంటింట్లోకి పోయింది. దాన్ని ఎవరూ పూజించలేదు, గుర్తుగా దాచలేదు. రోజూ వంకాయలు తరిగి, కడిగి, కొంగుతో తుడిచి, గోడకు ఆనించి పెడుతుంది చిన్నమ్మ. పండక్కి ఒకసారి సాన పట్టిస్తుంది. అది నల్లగా ఉంది, వేలి వెడల్పున అరిగింది, ఇవ్వాళ కూడా వెంట్రుక తెగేంత పదును. సాఫ్ట్‌వేర్ పరీక్షలు చేసి బతికేవాళ్ళకు ఇంతకన్నా మంచి పోలిక దొరకదు. అన్నీ సమానం, తేడా ఒక్కటే. దాచింది చచ్చింది, వాడింది బతికింది.

ఇక మా ఇంట్లో వినిపించే వాదనలు ఒక్కొక్కటిగా చూద్దాం. మీ ఇంట్లోనూ ఇవే వినిపిస్తుంటాయి.

మొదటిది: "దానికేమవుతాదిరా, పాతకాలం ఇనుము. ఢిల్లీ స్తంభం చూడలేదా, 1600 ఏళ్ళయినా తుప్పు పట్టలేదు." ఈ స్తంభాన్ని అడ్డం పెట్టుకుని ఎంత ఇనుము పాడు చేసినామో! ఆ స్తంభం మీద ఐఐటీ కాన్పూరులో ఆర్. బాలసుబ్రమణ్యం ఏళ్ళతరబడి పరిశోధన చేసినారు. అందులోని ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన ఒక పలుచని పొర కట్టి లోపలి ఇనుమును కాపాడుతోంది. ఢిల్లీ గాలి ఏడాదిలో ఎక్కువ కాలం పొడిగా ఉండటం కూడా దానికి కలిసొచ్చింది. జనం చేతులు వేసి నిమిరి నిమిరి పాడుచేస్తున్నారని 1997లో దాని చుట్టూ కంచె కూడా కట్టినారు. మా అవ్వ కత్తిపీట ఆ ఇనుము కాదు. "ఉక్కు పుట్టిందే మన సీమల్లో" అని ఇంకొందరు అంటారు. నిజమే. ఉక్కు అన్న మాట మన రెండు భాషల్లోనూ ఒకటే. నిజామాబాదు దగ్గరి కోనసముద్రం ఉక్కు పరదేశాలకు పోయింది. 1800లో మైసూరు సీమ తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ ఇక్కడి కొలుముల గురించి రాసి పెట్టినాడు. కానీ ఆ ఉక్కు గొప్పతనం అందులోని కర్బనంలో ఉంది, అది పదునునిస్తుంది. తుప్పును ఆపేది క్రోమియం, కనీసం పదిన్నర శాతం ఉండాలి. అది స్టెయిన్‌లెస్ స్టీలులో ఉంటుంది, పాత ఉక్కులో ఉండదు. ఎంత గొప్ప ఉక్కయినా తడి తగిలితే తుప్పే.

రెండోది: "మనది వానలు తక్కువున్న సీమ, తుప్పెక్కడిది?" తుప్పుకు వాన అక్కర్లేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, ఇనుము మీద పని మొదలవుతుంది. చెమట ఉప్పో, పచ్చడి ఉప్పో అంటుకుని ఉంటే ఇంకా ముందే మొదలవుతుంది. మా పెట్టె రేకుల కప్పు కింద ఉంది. పగలు కాగుతుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది. చల్లబడ్డ ఇనుము మీద లోపలి గాలిలోని తేమ మంచులా దిగుతుంది. 14 ఏళ్ళపాటు ఇలా రోజూ జరిగింది. కోలారు సీమలోనే ఇట్లయితే, ఉప్పుగాలి తగిలే యానాం, బరంపురం వాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

మూడోది చెప్పడానికి కొంచెం జంకుగా ఉంది. "పూజ చేసిన కత్తిని తుడవకూడదు." మా పెట్టెలోని కత్తులన్నిటి మీదా పసుపు కుంకుమ మచ్చలు ఉన్నాయి. సరిగ్గా ఆ బొట్ల కిందే గుంటలు పడినాయి. తడి చేత్తో పెట్టిన బొట్టు తేమను పట్టుకుని కూర్చుంటుంది. నిమ్మకాయ కోసి అలాగే వదిలేస్తే పులుపు ఇనుమును తింటుంది. ఆయుధపూజ మానమని ఎవరూ అనడం లేదు. బొట్టు పిడికి పెట్టండి, పీటకు పెట్టండి. ఆకుకు పెడితే మర్నాడు తుడవండి. మహానవమి నాడు పని ఆపి పూజ చేయడం, విజయదశమి నాడు పనిముట్టు మళ్ళీ చేతికి తీసుకోవడం, ఆచారం అంటే ఈ రెండూ కలిపి. మేము మొదటి సగం చేసి రెండో సగం మరిచినాము.

జమ్మిచెట్టు కథ తెలియని ఇల్లు లేదు. ఇక్కడ మేము బన్ని ఆకు పంచుకుంటాము కూడా. వ్యాస భారతం విరాటపర్వంలో ఒక చిన్న వివరం ఉంది. నకులుడు చెట్టెక్కి, కొమ్మ విరగని చోటు, వాన పడని చోటు చూసి మరీ ఆయుధాలు కట్టినాడు. ఏడాది తిరిగేసరికి అవి దించి వాడినారు, అవి పనిచేసినాయి. చోటు చూసుకోవడం, గడువు పెట్టుకోవడం, దించడం. ఆ కథను ఏటేటా చెప్పుకుంటూ మా పెట్టెకు ఈ మూడింట్లో ఒక్కటీ చేయలేదు.

నాలుగోది మా తరం వాళ్ళది, బెంగళూరు ఫ్లాట్ల వాదన: "వార్నిష్ కొట్టించి గాజు పెట్టెలో పెడదాం, హాల్లో బాగుంటది." వార్నిష్ ఎక్కడో ఒకచోట వెంట్రుకంత చీలుతుంది. అక్కడి నుంచి తేమ లోపలికి పోయి, పొర కిందే తుప్పు పాకుతుంది. పైకి నిగనిగ, లోపల పుండు. కనబడే తుప్పును తుడవొచ్చు, వార్నిష్ కింది తుప్పుకు మన చెయ్యి అందదు.

ఐదోది పెదనాయనది. దీనికి బరువుంది కాబట్టి గౌరవంగానే జవాబిస్తాము. "వాడితే అరిగిపోతాది, అమ్మ చెయ్యి తగిలిన ఇనుము అరిగిపోతాది." అవును పెదనాయనా, అరుగుతుంది. చిన్నమ్మ కత్తిపీట అరిగింది. కానీ ఆ అరుగుదల ఇంతమందికి అన్నం పెట్టిన అరుగుదల. ఇంకో రెండు తరాలకు సరిపోయే ఆకు ఇంకా మిగిలే ఉంది. పెట్టెలోది ఒక్క వంకాయ కూడా తరగకుండా అంతకంటే ఎక్కువ అరిగింది. అవ్వ చెయ్యి తగిలిన అంచు ఇప్పుడు గోనెసంచి అడుగున ఎర్రటి పొడి.

అందుకే మేము అడిగేది ఇది. కత్తిపీట, కొడవలి, అడకత్తెర లాంటివి ఇంటికొకటి పంచండి. వాడండి. ఉల్లిపాయ, మామిడికాయ కోసి కోసి ఆకు నల్లబడితే భయపడొద్దు, బూడిద వేసి తెల్లగా తోమొద్దు. గట్టిగా అంటుకున్న ఆ నల్లపొర ఇనుముకు కొంత కాపు. రాలే ఎర్రపొడి ఒక్కటే శత్రువు.

వాడనివి ఉంటాయి. తాత పొడుగు కత్తితో ఇవ్వాళ ఎవరికీ పని లేదు, దాన్ని దాచాల్సిందే. అయితే దాచడం కూడా ఒక పనే, తాళం వేసి దిగిరావడం పని కాదు. నేర్చుకున్నది చెప్తున్నాము.

తుప్పు ఉంటే నూనె వేసి సన్నటి ఇనుప పీచుతో మెల్లగా రుద్దండి. చింతపండు, వెనిగర్ లాంటి పులుపు వాడితే వెంటనే కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి, లేకపోతే గంటలో కొత్త తుప్పు లేస్తుంది. బాత్‌రూం యాసిడ్ జోలికి పోవద్దు. దాని ఆవిరికే పక్కనున్న ఇనుము కూడా తుప్పు పడుతుంది, కాబట్టి ఆ సీసా ఉన్న గదిలో కత్తులు పెట్టొద్దు. పడిన గుంటలు ఇక పూడవు, వాటిని పూడ్చాలని ఆకంతా అరగదీయొద్దు.

శుభ్రం చేసినాక వట్టి చేత్తో ఆకును పట్టుకోవద్దు, వేలిముద్రలోని ఉప్పు చాలు. పలుచగా మిషన్ నూనె, అంటే కుట్టుమిషన్‌కు వేసేది, రాయండి. చాలా ఏళ్ళు దాచాలంటే పెట్రోలియం జెల్లీ మేలు. చెనిక్కాయ నూనె, నువ్వుల నూనె రాసి వదిలేస్తే కొన్నాళ్ళకు బంకగా మారి దుమ్ము పట్టుకుంటాయి. మళ్ళీ వంటకు వాడేముందు సబ్బుతో బాగా కడగండి.

తోలు ఒరలో ఎప్పుడూ దాచొద్దు. ఒర కత్తి నడుముకు ఉన్నప్పటి సంగతి, నిద్రపోయేటప్పటిది కాదు. తోలు ఊనడానికి వాడిన తంగేడు చెక్క పులుపులు, ఉప్పులు అందులో మిగిలే ఉంటాయి, తోలు తేమనూ పీలుస్తుంది. తాత కత్తిని తిన్నది అదే. ఒరను పక్కన విడిగా పెట్టండి. పాత పేపర్లో, పొడి గుడ్డలో, గోనెలో చుట్టొద్దు, అవీ తేమ పీలుస్తాయి. ప్లాస్టిక్ సంచిలో ఒట్టిగా కడితే లోపలి తేమ లోపలే చెమర్చుతుంది. యంత్ర భాగాలు ప్యాక్ చేయడానికి పారిశ్రామికవాడల్లో వాడే వి.సి.ఐ. కాగితం దొరికితే అందులో చుట్టండి. దొరకకపోతే నూనెలో తడిపి పిండిన నూలుగుడ్డ. ఒకదానికొకటి తగలకుండా, మూత బిగుతుగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ సంచులతో పెట్టండి. రంగు మారే రకం కొంటే, నీలం గులాబీ అయినప్పుడు మార్చాలని అదే చెప్తుంది. అటక వద్దు, వంటిల్లు వద్దు, బయటి గోడకు ఆనించిన బీరువా వద్దు. ఇంటి నడిమధ్య గది మంచిది.

పిడి సంగతి కూడా. పిడి లోపల దిగిన ఇనుము ఎవరికీ కనబడదు. అక్కడ తుప్పు పడితే ఉబ్బి చెక్కను చీలుస్తుంది. ఊగితే కమ్మరికి చూపించండి, బంక పోసి అతికించొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, డబ్బా మీద తేదీ రాయండి. ఏడాదికొకసారి తెరవండి. మహానవమి ముందురోజు అనుకుంటే మరిచిపోరు. తెరిచి చూడని జాగ్రత్త జాగ్రత్త కిందికి రాదు.

మా నిర్ణయం ఇట్లా ఉండాలని కోరుతున్నాము. బతికిన మూడూ మూడు ఇళ్ళకు పోవాలి. తాత కత్తి నూనె రాసి, ఒర విడదీసి, పెదనాయన ఇంట్లోనే ఉండాలి, ఆయనే ఏటేటా తెరవాలి. రాలిపోయిన కత్తిపీట పీటను మాత్రం ఉంచుకుని, శ్రీనివాసపురంలో కొలిమి నడుపుతున్న ఎవరితోనైనా కొత్త ఆకు వేయించాలి. పీట మీద అవ్వ కాలు ఆనించి నునుపెక్కిన చోటు ఇంకా అలాగే ఉంది. కొత్త ఆకు ఆమె చూసింది కాదన్నది నిజమే. కానీ దాని మీద మళ్ళీ ఎవరో కాలు ఆనించి కూర్చుని కాయగూరలు తరుగుతారు.

పిల్లల కోసం దాచుతున్నాము అంటాము గదా. పోయినేడు పెట్టె దించినప్పుడు మా చిన్నది ఎర్రపొడి అంటిన వేలు చూపించి "ఇదేమి?" అని అడిగింది. మాలో ఒకరు కన్నడంలో, ఒకరు తెలుగులో, ఇద్దరూ "తుక్కు" అనే అన్నాము. ఈ దసరాకు ఆ పిల్ల చేతికి కాస్త నూనె, ఒక గుడ్డ ఇద్దాం.