అబద్ధమాడితేనే పార్టీయా?

హోసూరు సంతలో మేం అయిదుగురం లైసెన్సుల పెత్తనం వద్దంటూ కరపత్రాలు పంచితే, "పార్టీ పెట్టరాదూ?" అని వెక్కిరిస్తారు. పెట్టనిస్తేగా! 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేరిన 29ఏ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కాదలచిన పార్టీ సామ్యవాదానికి విధేయులమని రాసివ్వాలి. అది వద్దనేవాడు ఏం రాయాలి?

రాజాజీ పుట్టిన తొరపల్లి మా పక్కనే. 1959లో ఆయన ప్రారంభించిన స్వతంత్ర పార్టీకి మన ఆచార్య రంగా అధ్యక్షులు. 1967లో లోక్‌సభలో 44 మంది. ఒడిషాలో జన కాంగ్రెసుతో కలిసి ప్రభుత్వమే నడిపింది. అదే పార్టీ ఈనాడు పుడితే మొదటి కాగితం మీదే బొంకాలి.

1969లో బాంకుల జాతీయీకరణను అది ఎదిరించింది. ఆ జాతీయ బాంకు జీతమే తింటున్నాను, ఒప్పుకుంటాను. కానీ తప్పుడు డిక్లరేషను ఇచ్చినవాడికి మేం అప్పివ్వం. ఇక్కడేమో అదిస్తేనే రిజిస్ట్రేషనట!

కరపత్రాలు ఇంకా రెండు కట్టలున్నాయి. వచ్చే సంతకీ వెళతాం.