పెద్ద ప్లాన్ కొనే ముందు



మన సంబంధాల వెబ్‌సైటు పోయిన నెలలో రెండుసార్లు బంద్ పడ్డది. అసలే లగ్గాల సీజను. పిల్ల బయోడేటా చూద్దామని ఫోను తెరిచినోళ్లకు డేటాబేస్ దొరకతలేదని ఇంగ్లీషులో ఒక ముక్క కనబడ్డది. "సంఘం వెబ్‌సైటు మూసేసిందా?" అని చానా మంది అడిగిండ్రు. మూసెయ్యలేదు. మనం జాగా కిరాయికి తీసుకున్న కంపెనీ, "మీరు డేటాబేస్ ఎక్కువ వాడుతున్నరు, తగ్గించుకోండి, లేకుంటే పెద్ద ప్లాన్ కొనండి" అని ఈమెయిల్ పంపింది.

మీటింగులో కొందరు కొనేద్దామన్నరు. ఏ పైసలతో? పిల్లల నోటుబుక్కులకని ఇంటింటికి తిరిగి జమ చేసిన ఫండు తప్ప మన దగ్గర వేరే లేదు. అందుకే ముందు రోగమేందో చూద్దాం, మందు తర్వాత కొందాం అన్న. వెబ్‌సైటు చూసుకునేది మా మనవరాలు. నేను నాలుగో తరగతి దాక చదివినోణ్ని. ఆ పిల్ల పక్కన కూసోని నాకు తలకెక్కేదాక చెప్పింది. సాంచాల షెడ్డుల జీవితం గడిపినోనికి ఇది అర్థంగాని ముచ్చటేం కాదు. మన లెక్కనే చిన్న వెబ్‌సైట్లు నడిపే సంఘాలు, దుకాణాలు చానా ఉన్నయి. వాళ్లకూ పనికొస్తదని రాస్తున్న.

ఒక పెద్ద షెడ్డు అనుకోండి. సేఠు దాన్ని పది మంది ఆసాములకు కిరాయికిచ్చిండు. కరెంటు లైను అందరికీ ఒక్కటే. ఒకాయన తన వాటాకు మించి మోటర్లు పెడితే ఫ్యూజు పోయి అందరి సాంచాలు ఆగుతయి. అందుకని ఒక్కొక్కరికి ఇంతే అని హద్దు పెడతడు. షేర్డ్ హోస్టింగ్ అంటే ఇదే. ఒక్క కంప్యూటర్ మీద వందల వెబ్‌సైట్లు ఉంటయి. ఒకటే సారి ఎన్ని కనెక్షన్లు, ఎంత మెమరీ అని ప్రతి వెబ్‌సైటుకు హద్దు ఉంటది. కిరాయి తక్కువ ఎందుకంటే అందరం పంచుకుంటున్నం కాబట్టి.

ఇగ డేటాబేస్ అంటే స్టోరు గుమాస్తా అనుకోండి. మనది వర్డ్‌ప్రెస్ మీద కట్టిన వెబ్‌సైటు, గుమాస్తా పేరు మైఎస్‌క్యూఎల్. మీరు ఒక్క పేజీ తెరిస్తే చాలు, వెబ్‌సైటు ఆయన దగ్గరికి పదుల సార్లు ఉరుకుతది. పేరేంది, మెనూ ఏంది, కొత్త బయోడేటాలు ఏవి అని అడుగుతది. ఒక పేజీకి 50 ప్రశ్నలు అనుకోండి, రోజుకు 2,000 సార్లు పేజీలు తెరిస్తే లక్ష ప్రశ్నలు. ఆ గుమాస్తా మన ఒక్కరికే కాదు, షెడ్డు మొత్తానికి జవాబు చెప్పాలె.

మొదలు చెయ్యాల్సింది ఎవరు ఎక్కువ అడుగుతున్నరో చూసుడు. వర్డ్‌ప్రెస్‌లో క్వెరీ మానిటర్ అని ఖర్చు లేని ప్లగిన్ ఉంది. ఏ పేజీ ఎన్ని ప్రశ్నలు అడిగింది, ఏ ప్లగిన్ అడిగింది, ఎంత సేపు పట్టింది అన్నీ చూపిస్తది. పని అయినంక దాన్ని తీసెయ్యాలె.

మా మనవరాలు చూస్తే మొదలు దొరికింది "ఇంత మంది చూసిండ్రు" అని చూపే కౌంటర్. అది చూసి మనమంతా సంబరపడేది. కానీ ఎవరు ఏ పేజీ తెరిచినా అది డేటాబేస్‌లో ఒక గీత రాస్తది. చదువుడు కన్నా రాసుడు బరువు. ఆ గీతల పట్టికనే మన బయోడేటాలన్నిటి కన్నా పెద్దగైంది. తీసేసినం. ఎంత మంది చూసిండ్రో హోస్టింగ్ వాళ్ల లాగ్‌లో ఎట్లైనా ఉంటది.

రెండోది క్యాషింగ్. తయారైన పేజీని ఒక ఫైలుగ దాచిపెట్టి, తర్వాత వచ్చినోళ్లకు అదే ఇచ్చుడు. బజార్లో తువ్వాల అడిగిన ప్రతి మనిషికి కొత్తగ పడుగు ఎక్కించి నేస్తమా? మడత పెట్టింది తీసిస్తం. మొదటి పేజీని గంటకోసారే కొత్తగ తయారు చేస్తే రోజుకు 24 సార్లు, 50 లెక్కన 1,200 ప్రశ్నలు. వెయ్యి మంది చూసినా అంతే. అన్నిటికన్నా ఎక్కువ బరువు దించేది ఇదే. కానీ ఒక జాగ్రత్త. లాగిన్ అయినంక కనబడే పేజీలను దాచొద్దు. ఒకరికని తయారైన పేజీ ఇంకొకరికి పోతే మన ఆడపిల్లల ఫోన్ నంబర్లు బయటపడతయి. లాగిన్ కాకుండ ఇంకో ఫోన్లో తెరిచి చూసినంకనే పని అయిందనుకోవాలె.

మూడోది వెతుకుడు. ఊరు పేరు కొట్టి వెతికితే, ఆ అక్షరాలు ఎక్కడైనా ఉన్నయా అని గుమాస్తా ప్రతి కాగితం మొదటి నుంచి చివరి దాక చదువుతడు. మస్టరు పుస్తకంలో అక్షరాల లెక్కన పేజీలు లేకపోతే ఎట్లుంటదో అట్ల. ఊరు, చదువు, పని అన్నవి వర్డ్‌ప్రెస్ మెటా పట్టికలో ఉంటే, ఆ విలువల మీద సూచిక ఉండదు. వాటిని వర్గాలుగ మార్చి, కొట్టుడు బదులు ఎంచుకునేటట్టు పెట్టినం. ఇప్పుడు తొందరగ దొరుకుతున్నయి.

నాలుగోది మనుషులు కాని చుట్టాలు. వెబ్‌సైట్ల మీద తిరిగే రోబోలు లాగిన్ పేజీ తలుపు పొద్దుమాపు కొడుతుంటయి. పాస్‌వర్డ్ తప్పని చెప్పడానికి గూడ గుమాస్తాను లేపాల్సిందే. నాలుగుసార్లు తప్పు కొడితే తాళం పడేటట్టు పెట్టాలె. ఎక్స్ఎమ్ఎల్ఆర్‌పీసీ అనే పాత తలుపు వాడకపోతే మూసెయ్యాలె. మంచి రోబోలు రోబోట్స్ ఫైల్‌లో రాసిన మాట వింటయి, చెడ్డవి వినవు, వాటిని అడ్డుకోవాల్సిందే.

చిన్నవి ఇంకా మూడున్నయి. ఒక బయోడేటా దిద్దినప్పుడల్లా వర్డ్‌ప్రెస్ పాత నకలు దాస్తది. మూడు నకళ్లు చాలని కాన్ఫిగ్ ఫైల్‌లో రాయొచ్చు. తీసేసిన ప్లగిన్లు ఆప్షన్ల పట్టికలో తమ సామాను వదిలిపోతయి, అందులో చానా మటుకు ప్రతి పేజీకి లేచి వస్తది. అది 800 కేబీ దాటితే కొత్త వర్డ్‌ప్రెస్ సైట్ హెల్త్‌లో తనే హెచ్చరిస్తది. ఎవరన్న పేజీ తెరిచినప్పుడల్లా పెండింగు పనులున్నయా అని చూసే అలవాటు గూడ ఉంది. దాన్ని ఆపి, అరగంటకోసారి చూడమని హోస్టింగ్ ప్యానెల్‌లో టైము పెట్టొచ్చు.

ఏది తుడిచే ముందైనా బ్యాకప్ తీసి, ఒక నకలు మన సొంత కంప్యూటర్‌లో పెట్టుకోవాలె. తెగిన పోగు ముడేయొచ్చు, తుడిచిన పట్టిక నకలు లేకుంటే తిరిగి రాదు.

మీటింగులో ఒక పెద్దాయన "ఫోటోలు తీసేద్దాం, బరువు తగ్గుతది" అన్నడు. వర్డ్‌ప్రెస్‌లో ఫోటోలు ఫైళ్లుగ ఉంటయి, డేటాబేస్‌లో ఉండవు. తీస్తే జాగా మిగులుతది గానీ గుమాస్తా పని తగ్గదు. పాత బయోడేటాలు తీసినా అంతే, కొన్ని వందల వరుసలు ఆయనకో లెక్క కాదు. అయినా అవి మాత్రం తీయాల్సిందే, వేరే కారణానికి. లగ్గమై అత్తగారింటికి పోయిన పిల్లకు "సంబంధం చూస్తున్నరా?" అని ఇంకా ఫోన్లు పోతున్నయి. ఆ పిల్ల అక్కడ ఎవరికని జవాబు చెప్పుకోవాలె? అందుకే దండం పెట్టి అడుగుతున్న, సంబంధం కుదిరిన రోజే ఒక్క ఫోను చేసి చెప్పండి. ఇది ఏ ప్లగిన్ చెయ్యలేని పని.

ఈ పనులన్నీ అయినంక హెచ్చరిక ఈమెయిల్ మళ్ల రాలేదు. ఫండు ముట్టలేదు, ఈ ఏడు గూడ నోటుబుక్కులు పంచుతం. రేపు నిజంగనే జనం పెరిగి, ఇంత సర్దినా చాలకపోతే, అప్పుడు పెద్ద ప్లాన్ కొందాం, నేనే ముందు చెయ్యెత్తుత. జనం పెరిగి ఖర్చు పెరిగితే బాధ లేదు. కౌంటర్ కోసం, రోబోల కోసం పిల్లల పైసలు పెట్టొద్దన్నదే నా మాట.