సరుకు చూచి వెల కట్టవలెను

మన యువకులు హిప్ హాప్ పాటలు వినుచున్నారని పెద్దలు కొందరు చింతించుచున్నారు. బంగారు గొలుసులు, ఖరీదైన కార్లు, తుపాకుల ప్రగల్భములు, స్త్రీలను కించపరచు మాటలు, ఇదియే ఆ పాట అని వారి అభిప్రాయము. అట్టి పాటలు లేవని మేము అనము, వానిని సమర్థింపము. కాని కొట్టు ముందు వ్రేలాడదీసిన నాసి సరుకును చూచి లోపలి సరుకంతటికి వెల కట్టుట న్యాయము కాదు. త్వరగా అమ్ముడుపోవు దానినే కంపెనీలు ముందుంచును. వర్తకులమగుట చేత ఈ మర్మము మేమెరుగుదుము.

ఈ కళ 1973లో న్యూయార్కు నగరమందలి బ్రాంక్స్‌లో, నల్లజాతివారును, కరీబియన్ దీవులనుండి వచ్చినవారును నివసించు బీద వాడలలో పుట్టినది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందము వెలువరించిన 'ది మెసేజ్' అట్టి వాడల దారిద్ర్యమును, యువకుల దుర్గతిని లోకమునకు చాటినది. కెండ్రిక్ లమార్ 'డ్యామ్' సంపుటికి 2018లో పులిట్జర్ సంగీత బహుమానము లభించినది. శాస్త్రీయ సంగీతమునకు, జాజ్‌కు వెలుపలి కృతికి ఆ గౌరవము దక్కుట అదే ప్రథమము.

మన ఇరుగుపొరుగువారు తెలుగు సినిమాలలోని కొట్లాటలను మాత్రమే చూచి, తెలుగు భాషకు ఇంతకంటె సారము లేదనినచో మనము సహింతుమా? వేమన మాట ఏమని అడుగమా? పరరాష్ట్రమున భాషను కాపాడుకొనుచున్న మనకు ఈ బాధ తెలియును. మనము కోరు న్యాయమునే ఇతరులకును చేయవలెను.

కావున తలిదండ్రులకు మా మనవి: నిషేధించుటకు ముందు ఒక సాయంకాలము బిడ్డల ప్రక్కన కూర్చుండి, ఆ పాటకు అర్థము చెప్పుమనుడు. చెడ్డదైనచో ఖండింపుడు. మంచిదైనచో మీరును వినుడు.