చుట్ట సంగతీ అడగమనండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం దేశంలో మన రాష్ట్రంలోనే ఎక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అండాశయాలు కూడా చిన్న వయసులో తీసేస్తే ఈస్ట్రోజెన్ పడిపోయి గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అలాంటివారిలో చాలామందికి, సహజంగా ముట్లు ఆగే వయసు వచ్చేదాకా, హార్మోన్ చికిత్స మేలు చేస్తుంది.

అలాగని హార్మోన్ మాత్రలు అందరికీ ఒకేలా పనిచేయవు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనబడడంతో అమెరికాలో ‘ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అధ్యయనంలోని ఆ ప్రయోగాన్ని 2002లో మధ్యలోనే ఆపేశారు. ముట్లు ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టినవారికి గుండెజబ్బు ముప్పు తక్కువని తర్వాత తేలింది.

హార్మోన్లు రాసేముందు పొగతాగే అలవాటూ చూడాలి: పొగ రక్తనాళాలను దెబ్బతీస్తుంది, రక్తం గడ్డకట్టేలా చేస్తుంది, ముట్లను ముందే ఆపుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీర పల్లెల్లో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే స్త్రీలున్నారు. సిగరెట్ గురించి మాత్రమే అడిగితే వారి అలవాటు ఓపీ చీటీకి ఎక్కదు.

అందుకే మూడు విన్నపాలు. హార్మోన్లు రాసేముందు చుట్ట, బీపీ, షుగర్ వివరాలు తప్పనిసరిగా నమోదు చేయించండి. గర్భసంచి ఆపరేషన్‌కు ముందే అండాశయాలు ఉంచుతారో తీసేస్తారో రోగికి తెలుగులో చెప్పించండి. పొగ మాన్పించే సలహా, మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఆడవాళ్లకు అందించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు