పొరుగువారిపై మోపిన నెపము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్త్రీ అధ్యక్షపదవికి ఎన్నిక కాజాలదనియు, అందులకు ఆ దేశప్రజ యింకను సంసిద్ధముగా లేదనియు చెప్పుమాట 2024 నవంబరు ఎన్నిక తరువాత ఒక సిద్ధాంతముగా స్థిరపడిపోయినది. ఓడిన పక్షమువారే దీనిని మిక్కిలి నమ్మకముతో వల్లించుచున్నారు. 2025 నవంబరులో మిషెల్ ఒబామా వంటి గౌరవనీయురాలు సైతము ఈ యభిప్రాయమునే బహిరంగముగా వెలిబుచ్చెను. ఆమె ఆవేదన నాకర్థమగును. ఆమె నిర్ణయమును మాత్రము నేనంగీకరింపజాలను. మిషిగన్ రాష్ట్రమున ఓటు వేసినవాడనై, ఈ మాట అసత్యమనియు, అసత్యమగుటయే గాక హానికరమనియు చెప్పుట నా విధిగా భావించుచున్నాను.

ఈ సిద్ధాంతమునకు ఆధారముగా చూపబడునవి రెండే రెండు ఎన్నికలు. 2016లో హిల్లరీ క్లింటనుకు 6 కోట్ల 58 లక్షల ఓట్లు వచ్చినవి. అవి ప్రత్యర్థికి వచ్చినవాటికంటె 28 లక్షలకు పైగా అధికము. స్త్రీని సహింపని దేశము ఆమెకే యెక్కువ ఓట్లు వేయుట యెట్లు సంభవించెను? ఆమెకు పదవి దక్కనీయనిది రాష్ట్రములవారీగా గెలుపును లెక్కించు ఎలక్టొరల్ కాలేజీ పద్ధతి. ఆమె ఓడిన మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాలు మూడింటను కలిపి వ్యత్యాసము 78 వేలకు లోబడినదే. మా మిషిగనులో అది 10,704 ఓట్లు. ఇక 2024లో, జో బైడెన్ జూలై 21న పోటీనుండి తప్పుకొనగా, కమలా హారిస్‌కు పోలింగునాటికి మిగిలినవి 107 దినములు. ధరల భారముతో విసిగిన ప్రజలు ఆ యేడు బ్రిటనులో రిషి సునాక్ ప్రభుత్వమును కూలద్రోసిరి. జపానులో పాలకపక్షము దిగువసభలో తన ఆధిక్యమును గోల్పోయెను. మా రాష్ట్రమున, గాజా యుద్ధవిషయమై ఆగ్రహించిన లక్షమందికి పైగా ఓటర్లు పక్షాభ్యర్థిని ఎన్నుకొను ఫిబ్రవరి ప్రైమరీలోనే ఎవ్వరికిని కట్టుబడమని ఓటు వేసిరి; ఆ యాగ్రహము బైడెనుపై పుట్టినది, హారిస్ వారసత్వముగా పొందినది. ఇంత ప్రతికూలస్థితిలోను ఆమెకు సుమారు 7 కోట్ల 50 లక్షల ఓట్లు రాగా ట్రంపునకు వచ్చినవి 7 కోట్ల 73 లక్షలు.

ఆ పోలింగుదినముననే ట్రంప్ గెలిచిన విస్కాన్సిన్, మిషిగన్, నెవాడా రాష్ట్రములలో ట్యామీ బాల్డ్విన్, ఎలిస్సా స్లాట్‌కిన్, జాకీ రోజెన్ అను మువ్వురు స్త్రీలు హారిస్ పక్షమైన డెమొక్రాటిక్ పక్షముననే నిలిచి సెనేటునకు గెలిచిరి. అదే పక్షమున పెన్సిల్వేనియాలో బాబ్ కేసీ, ఒహాయోలో షెరడ్ బ్రౌన్, మొంటానాలో జాన్ టెస్టర్ ఓడిరి. మువ్వురును పురుషులే, మువ్వురును పదవిలో నున్నవారే. అధ్యక్షపదవికి పోటీచేసి 1972లో మెక్‌గవర్న్ 49 రాష్ట్రములలోను, 1988లో డుకాకిస్ 40 రాష్ట్రములలోను ఓడినప్పుడు పురుషులిక గెలువజాలరని యెవ్వరును తీర్పు చెప్పలేదు. వారి ఓటమికి కారణములు వెదకిరి: విధానములనిరి, ప్రచారమనిరి, కాలస్థితులనిరి. స్త్రీ ఓడినప్పుడు మాత్రము ఆ యన్వేషణ యంతయు ఆమె స్త్రీత్వమునొద్దనే నిలిచిపోవుచున్నది. సెనేటు వేరు, అధికార నిర్వహణ వేరని కొంద రందురు. గ్రెచెన్ విట్మర్ 2022లో మిషిగన్ గవర్నరు పదవికి రెండవమారు నూటికి పదికి మించిన ఆధిక్యముతో ఎన్నికయ్యెను. ఆ రాష్ట్రపు నేషనల్ గార్డునకు అధిపతి గవర్నరే.

స్త్రీయన్న కారణముచేత ఓటు నిరాకరించువారు లేరని నేననను. కలరు. కాని ఈ సిద్ధాంతమును బ్రతికించుచున్నది వారు కారు; తమకెట్టి యభ్యంతరమును లేదని చెప్పుకొను సజ్జనులు. ఇటీవల మిషిగనులోని నోవైలో ఒక దసరా విందున, పులిహోర పళ్ళెము చేతబట్టుకొని, మెదకు ప్రాంతమునుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన ఒక పెద్దాయన నాతో ననెను: “మల్ల ఆడామెను నిలవెడితే ఓడుడే. నాకేం అడ్డం లేదు. గని ఈ తెల్లోళ్ళు ఎయ్యరు.” ఆ తెల్లవారును తమ పొరుగువారిని గూర్చి యిట్లే చెప్పుచున్నారు. 2019లో ఇప్సాస్ సంస్థ అడిగినప్పుడు డెమొక్రాట్లు, స్వతంత్ర ఓటర్లలో నూటికి 74 మంది స్త్రీ అధ్యక్షత తమకు సమ్మతమే యనిరి. తమ పొరుగువారికి సమ్మతమని నమ్మినవారు నూటికి 33 మంది మాత్రమే. ప్రతివాడును తన యింట లేని దురభిమానమును పక్కయింట నున్నదని నమ్మి, ఆ లేనిదానికి తలయొగ్గి, ప్రైమరీ ఎన్నికలోనే తాను మెచ్చిన స్త్రీని విడిచి మెచ్చని పురుషుని వరించుచున్నాడు. స్త్రీని ద్వేషించువాడు వేయునది యొక్క ఓటు; వానికి భయపడువారు వేయునవి వేలకొలది, అన్నియు వాని పక్షముననే పడుచున్నవి.

నేనా మెదకు పెద్దాయనను, “మరి మీ మెదక్ వాళ్ళు ఇందిరమ్మకు ఎలా వేశారన్నా?” అని యడిగితిని. 1980లో ఇందిరాగాంధీ మెదకునుండి రెండు లక్షలకు పైగా ఆధిక్యముతో గెలిచి, రాయబరేలీని వదులుకొని మెదకునే నిలుపుకొనినది. “ఇందిరమ్మ సంగతి వేరే,” అని ఆయన యుత్తరము. ఆమె నెహ్రూ కుమార్తె యగుట నిజమే. కాని గెలిచిన ప్రతి స్త్రీ సంగతియు ఇట్లే ‘వేరే’ యగుచున్నది: బ్రిటనులో థాచర్ వేరు, ఇజ్రాయెలులో గోల్డా మెయిర్ వేరు, లైబీరియాలో సర్లీఫ్ వేరు. గెలిచినవారినెల్ల మినహాయించుచు, ఓడిన యిద్దరిని మాత్రమే లెక్కించు నియమమును ఏ యనుభవము ఖండింపగలదు? అమెరికాలో స్త్రీల ఓటుహక్కు 1920లో రాజ్యాంగబద్ధమాయెను. సరిహద్దున నున్న మెక్సికోలో స్త్రీలకు సంపూర్ణమైన ఓటుహక్కు 1953లో గాని రాలేదు. ఆ మెక్సికో 2024 జూనులో క్లౌడియా షేన్‌బాముకు నూటికి సుమారు 60 ఓట్లిచ్చి అధ్యక్షురాలిని చేసినది. ఆ యెన్నికలో రెండవస్థానమున నిలిచినదియు స్త్రీయే. రెండు ప్రధాన కూటములును స్త్రీలనే నిలిపినప్పుడు ఓటర్లు సంసిద్ధులా కాదా యను ప్రశ్నకే తావు లేకపోయెను.

1964లో రిపబ్లికన్ మహాసభలో మార్గరెట్ చేజ్ స్మిత్ పేరు ప్రతిపాదింపబడెను. 1972లో షర్లీ చిషమ్ డెమొక్రాట్ల యభ్యర్థిత్వమునకు పోటీ చేసెను. ఆ నాళ్ళలోను ‘కాలము రాలేదు’ అనువారే యెక్కువ. స్త్రీ అధ్యక్షురాలికి ఓటు వేయుదురాయని గాలప్ సంస్థ 1937లో అడిగినప్పుడు సరేయన్నవారు నూటికి 33. నేడు వారు నూటికి తొంబదికి పైబడిరి. ఆ యుత్తరములలో మర్యాదకొరకు చెప్పినవి కొన్ని యుండవచ్చును. అయినను పౌరులు తమ్ముగూర్చి తాము చెప్పినదానిని త్రోసిపుచ్చి, పొరుగువాడు వారిని గూర్చి యూహించినదానిని ప్రమాణముగా గైకొనుట న్యాయము కాదు.

2028లో ఏ స్త్రీయైనను నిలుచునో లేదో యెవరెరుగుదురు? నిలిచినచో, ఆమె ధరలను గూర్చియు, యుద్ధములను గూర్చియు, వలసవచ్చినవారిని గూర్చియు ఏమి చెప్పునో విందును. నచ్చనిచో ఓటు వేయను; నచ్చినచో ప్రైమరీలోనే వేయుదును. నోవైలో నా పొరుగువారు ఏమి చేయుదురో వారి తలుపు తట్టి వారినే యడుగుదును.