ఈ పెట్టె ఏ బండిది?

రైలు లేని ఊరివాళ్లకి రైలంటే మోజెక్కువ. మాది నెల్లూరు జిల్లా మెట్టలోని వింజమూరు. రైలెక్కాలంటే బస్సులో కావలికో, నెల్లూరికో పోవాల్సిందే. అందుకేనేమో, స్టేషన్ల బయట పాత రైలు పెట్టెల్ని హోటళ్లుగా మారుస్తున్నారన్న వార్త ఎక్కడ కనబడినా వదలకుండా చదువుతాను.

మన రైల్వేలో ఇది 2020లో ఆసన్‌సోల్ స్టేషన్ దగ్గర రెండు పాత మెము పెట్టెలతో మొదలైంది. తర్వాత మన గుంటూరుకీ, 2023లో హైదరాబాద్‌లోని కాచిగూడకీ వచ్చింది. పెట్టె రైల్వేది. లోపల ఏసీ, బల్లలు, వంటిల్లు పెట్టుకుని నడిపేది ప్రైవేటువాళ్లు. అందుకు రైల్వేకి ఫీజు కడతారు. ఇన్ని పెట్టెలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయంటారా? చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 నుంచి తయారుచేసిన పాతరకం పెట్టెలు 2018తో ఆగిపోయాయి. ఇప్పుడొచ్చేవి జర్మన్ డిజైన్ ఎల్‌హెచ్‌బీ పెట్టెలు. పాతరకం పెట్టె ఆయుష్షు మామూలుగా 25 ఏళ్లు. అది దాటితే తుక్కు కిందికే. అదృష్టం ఉన్నవి కొన్ని ఇలా హోటళ్లవుతున్నాయి.

అమెరికాలో ఉన్న నా ఫ్రెండ్స్‌కి ఈ సంగతి చెబితే ‘ఓ, డైనరా!’ అంటారు. అక్కడి డైనర్ల కథ వేరు. 1872లో ప్రావిడెన్స్ అనే ఊళ్లో వాల్టర్ స్కాట్ అనే ఆయన పేపరాఫీసు దగ్గర గుర్రబ్బండి ఆపి, రాత్రిపూట పనిచేసేవాళ్లకి తిండి అమ్మేవాడు. అలాంటి బళ్లే పెరిగి పెరిగి, రైలు డైనింగ్ కారు ఆకారంలో ఫ్యాక్టరీల్లో తయారయ్యాయి. పాత ట్రాముల్ని మార్చి చేసినవి కొన్ని ఉన్నా, ఎక్కువ భాగం పట్టాల మొహమే చూడలేదు. పాటకెట్ అనే ఊళ్లోని మోడర్న్ డైనర్ కూడా అంతే, రైలు ఆకారమే తప్ప రైలు కాదు. అయినా 1978లో దాన్ని అక్కడి జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. ఆ జాబితాకెక్కిన మొదటి డైనర్ అదే.

మనవి నిజంగా తిరిగిన పెట్టెలు. మరి వాటి చరిత్ర ఎక్కడ?

పోయినేడు మా నాయనని అలాంటి హోటల్ ఒకదానికి తీసుకెళ్లాను. బయట చిన్న పట్టాల ముక్క మీద చక్రాలతో సహా నిలబెట్టిన పెట్టె, ఒంటినిండా రంగురంగుల బొమ్మలు. లోపల సోఫాలు, వేలాడే దీపాలు. నాయన మెనూ తెరవలేదు. కిటికీ అంచు తడిమి చూస్తున్నాడు. అప్పట్లో మా నాయనమ్మకి కంటి వైద్యం మద్రాసులో. నెలనెలా కావలిలో పినాకిని జనరల్ పెట్టె ఎక్కేవాళ్లు. సీటు దొరక్కపోతే ఆమెని కిటికీ కింద తుండుగుడ్డ పరిచి కూర్చోబెట్టి, తను మద్రాసు దాకా నిలబడేవాడు.

“ఇది ఏ బండి పెట్టె అబ్బయ్యా?” అని వడ్డించే కుర్రాణ్ణి అడిగాడు.

“తెలీదు సార్. తెచ్చేటప్పటికే ఖాళీ పెట్టె.”

“యాడ తిరిగిందో తెలిస్తే ఇంకో ముద్ద ఎక్కువ తినేవాణ్ణి” అన్నాడు నాయన, నవ్వుతూనే.

ఆ సమాధానం దొరకనిదేం కాదు. ఆ తరం పెట్టెల పక్కన అయిదంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండంకెలు అది తయారైన సంవత్సరం. 96 అంటే 1996. మిగతా మూడూ చూసి స్లీపరో, జనరలో చెప్పొచ్చు. కొత్త రంగులు వేసినప్పుడు ముందు పోయేది ఆ నంబరే. దాన్ని అలాగే ఉంచి, పక్కన ‘ఫలానా ఏడు పెరంబూరులో పుట్టింది, ఫలానా బళ్లలో తిరిగింది’ అని ఒక చిన్న బోర్డు పెడితే ఖర్చెంత? సోఫా ఖర్చులో పైసా వంతు కాదు. ఆ బోర్డు లేకపోతే అది పొడుగాటి ఏసీ గది, అంతే.

2011-12 రైల్వే బడ్జెట్‌లో మంజూరైన 309 కిలోమీటర్ల నడికుడి-శ్రీకాళహస్తి లైను మా వింజమూరు, ఆత్మకూరు మీదుగానే వస్తోంది. అది పూర్తయ్యాక మా ఊళ్లో రైలెక్కే పిల్లలు కొత్తరకం పెట్టెల్లోనే కూర్చుంటారు. తాతలు నిలబడి వెళ్లిన పెట్టె ఎలా ఉండేదో వాళ్లు చూడాలంటే ఇలాంటి హోటళ్లే మిగులుతాయి.

ఈసారి మీరు వెళితే, లోపలికి పోయేముందు పెట్టె చుట్టూ ఒకసారి తిరగండి. నంబరు కనబడితే మొదటి రెండంకెలు చదివి పక్కనున్న పెద్దవాళ్లకి చెప్పండి. బిల్లు వచ్చేదాకా మాటలకి కొదవుండదు.