ఇంజన్ కంప్యూటరుకూ ఒక రిజిస్టరు కావాలి

హాస్టల్లో చదివిన వాళ్ళందరికీ స్టాకు రిజిస్టరు సంగతి తెలుసు. పొద్దున వంటవాళ్ళకు ఎన్ని కిలోల బియ్యం, ఎంత కందిపప్పు, ఎంత నూనె ఇచ్చారో తేదీ వేసి రాస్తారు. అంకె తప్పు పడితే చెరిపెయ్యరు, వైట్నర్ పూయరు. పాత అంకె కనబడేటట్టు ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం పెడతారు. చిన్నప్పుడు ఇదంతా చాదస్తం అనుకుని నవ్వుకునేవాళ్ళం. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడులో చేరి, సెలవుల్లో తాండూరు, వికారాబాద్ షెడ్లలో పనికి పోయాక ఆ గీత విలువ ఏమిటో మాకు తెలిసివచ్చింది.

తాండూరు అంటే బండలు, కందులు, సిమెంటు. మూడింటికీ లారీలే ఆధారం. వెనుకటి లారీల్లో డీజిల్ పంపును స్పానరుతో సెట్ చేసేవారు. ఏ స్క్రూ ఎంత తిప్పారో చూసి చెప్పగలిగే మిస్త్రీలు ఉండేవారు. దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బళ్ళు వచ్చాయి. వీటిలో డీజిల్ ఎంత పోవాలో, ఏ క్షణంలో, ఎంత ఒత్తిడితో పోవాలో ఈసీయూ అనే కంప్యూటరు నిర్ణయిస్తుంది. దానిలో పట్టికలు ఉంటాయి, వాటిని మ్యాపులు అంటారు. మన ఎక్కాల పట్టిక లాంటివే అనుకోండి. ఒక వైపు ఇంజన్ వేగం, ఇంకో వైపు ఆక్సిలరేటర్ ఎంత నొక్కారన్నది, రెండూ కలిసిన గడిలో ఒక అంకె. ల్యాప్‌టాప్ తగిలించి ఆ గడుల్లో అంకెలు మార్చడమే ట్యూనింగ్. బానెట్ ఎత్తి చూస్తే మాత్రం ఏమీ కనబడదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మేము చూసిన ఒక సంగతి చెబుతాం. షెడ్డు పేరు, ఓనరు పేరు ఇక్కడ అవసరం లేదు. తాండూరు నుంచి బండలు వేసుకుని హైదరాబాద్ పోయే ఒక లారీకి పికప్ చాలడం లేదని ట్యూనింగ్ చేయించారు. చదును రోడ్డు మీద బాగానే ఉరికింది. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు నల్ల పొగ, ఇంజన్ హీటు. మళ్ళీ తెచ్చారు, మళ్ళీ మార్చారు. మూడోసారీ అదే కథ. చివరికి ఓనరు విసిగిపోయి, "నాకేం వద్దన్నా, బండి మొదట ఎట్లుండెనో గట్లనే చేసియ్యి" అన్నాడు.

మొదట ఎట్లుండెనో ఎవరికి తెలుసు? ల్యాప్‌టాప్‌లో 'కొత్తది', 'కొత్తది 2', 'ఫైనల్', 'ఫైనల్ ఓకే' అని నాలుగు ఫైళ్ళున్నాయి. వాటిలో కంపెనీ నుంచి వచ్చినది ఒక్కటీ లేదు. మొదటి రోజు తీసిన కాపీ మీదనే మార్పులు చేసి, అదే పేరుతో సేవ్ చేశారు. వేరే ఊరి నుంచి సరైన ఫైలు తెప్పించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ డ్రైవరు మన హాస్టల్లో చదువుతున్న ఒక తమ్ముడి తండ్రి. బండి తిరగని తొమ్మిది రోజులూ ఆయనకు బత్తా లేదు.

ఆ మిస్త్రీ అన్న పనితనాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఇంజన్ శబ్దం విని రోగం చెప్పగల మనిషి ఆయన. కానీ డీజిల్, టర్బో గాలి ఒత్తిడి, టార్క్ పరిమితి మూడింటినీ ఒకేసారి మార్చాడు. ఉన్న గాలికి మించి డీజిల్ పోస్తే నల్ల పొగ వస్తుంది, వేడి పెరిగి టర్బోకూ పిస్టన్లకూ చేటు. అయితే పొగకు ఈ మూడు మార్పుల్లో ఏది కారణమో ఎట్లా తేల్చాలి? చారులో ఉప్పు, పులుపు, కారం ఒకేసారి పెంచి, ఏది ఎక్కువైందని అడిగినట్టుంది.

అందుకే మా అభిప్రాయం ఇది. ఈసీయూలోంచి మొదట చదివిన ఫైలును ముట్టుకోకుండా రెండు చోట్ల దాచాలి. మార్పులన్నీ దాని కాపీ మీదే చేయాలి. ఒకసారికి ఒక్క మార్పు. ప్రతి మార్పుకూ రిజిస్టరులో ఒక వరుస: తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు, ఈసీయూ సాఫ్ట్‌వేర్ నంబరు, ఏ ఫైలు నుంచి ఏ ఫైలు తయారైంది, ఏ మ్యాపులో పాత అంకె ఎంత, కొత్త అంకె ఎంత, ఎందుకు మార్చాం, లోడుతో ఘాట్ ఎక్కించి చూస్తే ఏమైంది. చెక్‌సమ్ కూడా రాసుకోవాలి. అది ఫైలులోని అంకెలన్నిటినీ లెక్కగట్టి తీసే ఒక సంఖ్య. రెండు ఫైళ్ళకు ఒకే పేరున్నా లోపల తేడా ఉంటే అది పట్టిస్తుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈ అలవాటు ఎప్పటి నుంచో ఉంది. లినక్స్ పని కోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ అనే ప్రోగ్రాం తయారు చేశాడు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అది దాచిపెడుతుంది, డబ్బులు కట్టనక్కర లేదు. ట్యూనింగ్ వాళ్ళు వాడే విన్‌ఓఎల్ఎస్‌లోనూ ఒకే ప్రాజెక్టులో వెర్షన్లు దాచుకునే వీలుంది. అయినా ఎందుకు మార్చామన్నది మాత్రం మనిషే రాయాలి. ఏ ప్రోగ్రామూ దాన్ని తనంతట తాను చెప్పదు.

రాసిపెడితే మన చేతిపని పక్క షెడ్డు వాడికి తెలిసిపోదా అని కొందరు అన్నలు అడుగుతారు. రిజిస్టరు బీరువాలో పెట్టుకుంటే ఆ భయం లేదు. పైకి చెప్పని కారణం ఇంకొకటుంది. బీఎస్-6 లారీల్లో పొగను శుద్ధి చేసే యూరియా ద్రవం ఖర్చు మిగులుతుందని, ఆ ఏర్పాటునే సాఫ్ట్‌వేర్‌లో ఆపెయ్యమని అడిగేవాళ్ళున్నారు. అటువంటి పనిని ఎవరు రాసుకుంటారు? కంపెనీ ఇచ్చినదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు. శిక్ష పడేది బండి ఓనరుకు. షెడ్డులో ఏం చేశారో కాగితం లేకపోతే, సెకండ్ హ్యాండ్‌లో ఆ లారీ కొన్న అమాయకుడు ఏం చెప్పుకుంటాడు?

పెద్ద కంపెనీలు కూడా ఇందులో ఉత్తములేమీ కావు. బండి పరీక్షలో ఉందని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ పెట్టిందని 2015 సెప్టెంబరులో అమెరికాలో బయటపడింది. ప్రపంచమంతటా సుమారు కోటీ పది లక్షల బళ్ళలో అది ఉంది. మన దేశంలోనూ 3 లక్షలకు పైగా బళ్ళను వెనక్కి పిలిచారు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల జరిమానా వేసింది, ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. అంత పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్‌నే నమ్మలేని రోజుల్లో 'ఫైనల్ ఓకే' అన్న పేరును నమ్మి లోడు బండిని ఘాట్ ఎక్కించమంటే ఎట్లా?

ఐటీఐలో ప్రాక్టికల్ రికార్డుకు మార్కులున్నాయి. వాటిలో కొన్ని ఈ మార్పుల పట్టికకు కేటాయించాలని మా ఇన్‌స్ట్రక్టర్ సార్లను కోరుతున్నాం. షెడ్డు ఓనర్లు బిల్లుతో పాటు ఆ పేజీ జిరాక్సు కూడా ఇవ్వాలి. బండి అమ్మితే ఆర్సీతో పాటు అదీ పోవాలి.

ఈ వార్షికోత్సవానికి సీనియర్లమంతా చందాలు వేసుకుని పది లాంగు రిజిస్టర్లు తెచ్చాం. గళ్ళు మేమే గీశాం. సెలవుల్లో షెడ్లకు పనికి పోయే తమ్ముళ్ళు వార్డెన్ సారు గదిలో అడిగి తీసుకోండి. 'ఎందుకు మార్చాం' అన్న గడిని మిగతా వాటికంటే కాస్త వెడల్పుగా గీశాం.